అరుగుదల వేరు, తోముడు వేరు

శ్రావణమాసం వచ్చిందంటే మన ఇళ్లల్లో వెండి సామానంతా బయటికొస్తుంది. కుందులు, పళ్లేలతో పాటు తాతల నాటి వెండి రూపాయలు కూడా. అన్నిటినీ కలిపి విభూదితోనో, టూత్‌పేస్ట్‌తోనో తోమేస్తారు. కుందులకైతే ఫర్వాలేదు. నాణేనికి మాత్రం ఆ నష్టం మళ్లీ పూడదు.

నాకు పాత నాణేలు పోగేసే అలవాటు ఉంది. ఫ్రెండ్స్ నన్ను తరచూ అడిగేది ఒకటే: "ఎలాగూ అరిగిపోయింది కదా, తోమితే కొత్తగా పోయేదేముంది?" ఐదో జార్జ్ బొమ్మ ఉన్న రూపాయినే తీసుకుందాం. 11.66 గ్రాముల బరువు, 91.7 శాతం వెండి.

చేతులు మారుతూ, జేబుల్లో, సంచుల్లో తిరిగిన నాణెం ముందు ఎత్తుగా ఉన్నచోట అరుగుతుంది. రాజుగారి కనుబొమ్మ, మీసం, కిరీటం అంచులు మొదట నున్నబడతాయి. పల్లంగా ఉన్న చోట్లు చాలాకాలం భద్రంగా ఉంటాయి. అక్కడ గాలిలోని గంధకంతో వెండి కలిసి ఏర్పడిన నల్లటి సిల్వర్ సల్ఫైడ్ పొర నిలిచిపోతుంది. గీతలుంటే తలో దిక్కుకీ ఉంటాయి, ఎందుకంటే ఒక్కో దెబ్బ ఒక్కోసారి తగిలింది.

తోమిన నాణెం కథ వేరు. సన్నటి గీతలు గుంపుగా ఒకే దిశలోనో, వేలు తిరిగినట్టు గుండ్రంగానో ఉంటాయి. ఖాళీ స్థలం మీద మొదలై బొమ్మ మీదికి కూడా ఎక్కేస్తాయి. అక్షరాల మూలల్లో బ్రష్ దూరదు కాబట్టి అక్కడ నలుపు మిగిలి, చుట్టూ మెరుస్తుంది. అన్నిటికంటే పెద్ద క్లూ ఏంటంటే, మీసం పూర్తిగా అరిగిపోయి ఒళ్లంతా తళతళలాడటం. అంత తిరిగిన నాణెం అంత తెల్లగా ఉండదు.

యాసిడ్‌లో ముంచితే గీతలు పడవు, అందుకే పట్టుకోవడం కష్టం. టంకశాలలో అచ్చు పడినప్పుడు లోహం బయటివైపుకి పారి, కంటికి ఆనని సన్నని చాళ్లు ఏర్పడతాయి. కొత్త నాణేన్ని వంచి తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది వాటివల్లే. యాసిడ్ ఆ చాళ్లను తినేస్తే మిగిలేది జీవం లేని తెలుపు. రాగి నాణేనికి చింతపండు పెట్టినా అంతే: గోధుమరంగు పోయి గులాబీ ఛాయ తేలుతుంది.

ఒక జాగ్రత్త. అచ్చునే పాలిష్ చేసినప్పుడు పడే గీతలు కూడా నాణెం మీద కనిపిస్తాయి. అవి లోపలికి దిగవు, పైకి ఉబికి ఉంటాయి. మామూలుగా బొమ్మ అంచు దగ్గరే ఆగిపోతాయి. వాటిని చూసి మంచి నాణేన్ని వదులుకోవద్దు.

చూడటానికి పది రెట్ల భూతద్దం, ఒక్క టేబుల్ లైట్ చాలు. అంచులు పట్టుకుని మెల్లగా వంచుతూ చూడండి. బరువు మీద ఆధారపడకండి. అరుగుదల బరువు తగ్గిస్తుంది గానీ తోముడు వల్ల పోయేది తక్కువే.

పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు బాగా అరిగిన నాణేనికి కూడా దాని స్థాయికి తగ్గ అంకె ఇస్తాయి. తోమి పాడుచేసినదానికి అంకె ఇవ్వకుండా 'డీటెయిల్స్' అని రాసి వదిలేస్తాయి. ధర కూడా అలాగే పడిపోతుంది.

పూజకి నాణెం పెట్టాలా? మంచినీళ్లలో ముంచి తీసి, రుద్దకుండా మెత్తటి బట్టతో అద్దండి. ఈ మాట ఇంట్లో విభూది డబ్బా మూత తీయకముందే చెప్పండి.