కోరమాండల్ తీరాన ఎక్కడ ఆగాలి?

పార్లమెంటు శీతాకాల సమావేశాలు ముగిసి, ఢిల్లీని పొగమంచు కమ్మే రోజులలో రాజధాని వాసుల చూపు దక్షిణాది వైపు మళ్లడం ఏటా జరిగేదే. చెన్నైలో దిగి, అక్కడి నుంచి కారులో సముద్రం పక్కగా రామేశ్వరం వరకు సాగే యాత్రకు ఇప్పుడు ఆదరణ అధికం. తీరం వెంట 600 కిలోమీటర్లకు మించిన ఆ దారిలో మజిలీలు ముందుగా నిర్ణయించుకోకపోతే పగలంతా ప్రయాణానికి, రాత్రంతా బస వెతుక్కోవడానికి సరిపోతుంది. అందమైన ప్రదేశాల జాబితాలకు కొదవ లేదు. అయితే రాజకీయాలపై ఆసక్తి గల పాఠకునికి మరో కొలబద్ద ఉండాలి. సముద్ర సరిహద్దు, తీర నిబంధనలు, మత్స్యకారుల నిర్బంధం అంటూ ఢిల్లీలో కాగితాలపై నలిగే సమస్యలు మనుషుల రూపంలో ఎక్కడ ఎదురవుతాయో, అక్కడ ఆగడమే ఆ కొలబద్ద.

ముందుగా కాలనిర్ణయం. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు ఈ తీరాన్ని వదలవు. జనవరి, ఫిబ్రవరి నెలలు ఉత్తమం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పుతీరంలో మరపడవల వేటపై నిషేధం అమలులో ఉంటుంది. ఎండ తీవ్రతతోపాటు, రేవుల సందడి కూడా ఆ రోజులలో కానరాదు.

మహాబలిపురాన్ని ఎవరూ వదలరు. పల్లవుల శిల్పాలకు ఒక పూట కేటాయించాలి. 2019 అక్టోబరులో భారత ప్రధాని, చైనా అధ్యక్షుడు కలిసి తిరిగింది ఈ శిల్పాల నడుమనే. అక్కడి నుంచి పుదుచ్చేరి వరకు ఎడమవైపు గమనిస్తూ పోవాలి. సముద్రం కనిపించవలసిన చోట అనేకమార్లు విలాస విడిదుల ప్రహరీలే కనిపిస్తాయి. 1991లో కేంద్రం జారీ చేసిన తీర నియంత్రణ ప్రకటన పోటుగీత నుంచి 500 మీటర్ల వరకు నిర్మాణాలపై ఆంక్షలు విధించింది. జనసాంద్రత గల గ్రామీణ తీరాలలో 200 మీటర్లుగా ఉన్న నిర్మాణ నిషేధ హద్దును 2019 నాటి ప్రకటన 50 మీటర్లకు కుదించింది. వలలు ఆరబెట్టడానికి, పడవలు ఒడ్డుకు లాగడానికి ఇసుకనేల తప్ప మరొక ఆస్తి లేనివారికి ఈ అంకెలు జీవన్మరణ సమస్య.

మొదటి రాత్రి పుదుచ్చేరిలో గడపవచ్చు. 1954 నవంబరు 1న ఫ్రెంచివారు పాలన అప్పగించినా, చట్టబద్ధమైన విలీనానికి 1962 ఆగస్టు వరకు ఆగవలసి వచ్చింది. మన యానాం భవితవ్యం ఈ పట్టణంతో ముడిపడినదేనని తెలుగువారికి విదితమే.

రెండవనాడు తరంగంబాడి వద్ద ఆగాలి. తెలుగు సాహిత్య పోషకుడూ, స్వయంగా కవీ అయిన తంజావూరు రఘునాథ నాయకునితో ఒప్పందం చేసుకుని 1620లో డేనిష్ వారు కోట కట్టుకున్న ఊరు అది. 1845లో వారు దానిని ఇంగ్లీషువారికి అమ్మివేశారు. ఆ రాత్రి బస నాగపట్నంలో. 2004 డిసెంబరు 26 ఉదయం వచ్చిన సునామీలో ఈ ఒక్క జిల్లాలోనే 6,000 మందికి పైగా మరణించారు. అక్కడి నుంచి దక్షిణంగా వేదారణ్యం. 1930 ఏప్రిల్‌లో తిరుచిరాపల్లి నుంచి కాలినడకన వచ్చిన రాజాజీ బృందం ఉప్పు చట్టాన్ని ధిక్కరించిన స్థలం. ఉప్పుమడులు అక్కడ నేటికీ ఉన్నవి.

ఇక చివరి మజిలీ రామేశ్వరం. దీనికి ఒక రాత్రి చాలదు, రెండు రాత్రులు కావాలి. ఒక ఉదయం ధనుష్కోడికి పోవాలి. 1964 డిసెంబరు 22 రాత్రి తుపాను ఆ పట్టణాన్ని, దానితోపాటు ప్రయాణికుల రైలును తుడిచిపెట్టింది. అంతవరకు రైలు దిగి స్టీమరెక్కి సింహళానికి పోయేవారు. ఆ కొస నుంచి శ్రీలంకలోని తలైమన్నార్ సుమారు 30 కిలోమీటర్ల దూరమే.

మరునాటి ఉదయం రేవుకు కేటాయించాలి. 1974 ఒప్పందం కచ్చతీవు దీవిని శ్రీలంక వైపు ఉంచింది. 1976లో మార్చుకున్న లేఖల ప్రకారం ఒకరి జలాలలో మరొకరు వేటాడరాదు. నాటి నుంచి ప్రతి పార్లమెంటులోనూ ఈ ప్రస్తావన వస్తున్నది. 2024 ఎన్నికలలోనూ అది ప్రచారాంశమైంది. అరెస్టయినవారి కుటుంబాల వేదన నిజమైనదే. అయితే అవతలి తీరాన వేటకు పోయే ఉత్తర శ్రీలంక మత్స్యకారులు కూడా తమిళులేననీ, అంతర్యుద్ధంలో సర్వస్వం కోల్పోయినవారేననీ ఇక్కడ తరచు మరచిపోతుంటారు. సముద్రపు అడుగును గీకుతూ పోయే మన ట్రాలర్ల వలలు తమ చేపల సంపదను నాశనం చేస్తున్నాయన్నది వారి ఫిర్యాదు. ఆ పద్ధతిని శ్రీలంక 2017లో చట్టం ద్వారా నిషేధించింది.

దీవి ఎవరిదన్న వివాదం ఓట్లు తేవచ్చునేమో కానీ వలలో చేపలు నింపదు. ట్రాలర్లను విడిచి లోతు సముద్రపు వేటకు మారేందుకు మన మత్స్యకారులకు చేయూతనివ్వడం, ఉభయ తీరాల సంఘాలను ఒకచోట కూర్చోబెట్టడం ప్రభుత్వాలు చేయవలసిన పని. సభలో ప్రశ్నలు వేసే సభ్యులూ, సమాధానాలు చదివే మంత్రులూ ఆలయ దర్శనంతో సరిపెట్టుకోక, ఒక తెల్లవారుజామున ఆ రేవులో నిలబడితే ఈ చర్చకు కొంత వాస్తవికత అబ్బుతుంది.