వీశాట్

వీశాట్ అనగా భూస్థిర ఉపగ్రహం ద్వారా దూరప్రాంతాలలోని కంప్యూటర్లను, టెలిఫోన్లను ఒకే నెట్‌వర్కుగా కలిపే చిన్న భూకేంద్రం. "వెరీ స్మాల్ అపెర్చర్ టెర్మినల్" అను ఆంగ్ల పేరులోని మొదటి అక్షరాలను కూర్చి ఈ మాటను ఏర్పరచారు. ఇందులో అపెర్చర్ అనగా డిష్ యాంటెన్నా ముఖద్వారం. సాధారణంగా ఈ డిష్ వ్యాసం 0.75 మీటర్ల నుండి 2.4 మీటర్ల వరకు ఉంటుంది. బ్యాంకు శాఖలు, ఏటీఎంలు, పెట్రోలు బంకులు, చమురు క్షేత్రాలు, ఓడలు, గ్రామీణ ఆసుపత్రులు మొదలైన చోట్ల వీశాట్‌లను వాడుతున్నారు.

సాధారణ వినియోగదారులకు ఇచ్చే ఉపగ్రహ బ్రాడ్‌బ్యాండులో వేగం వీలున్నంత మేరకే లభిస్తుంది. రద్దీ పెరిగితే వేగం తగ్గుతుంది. డబ్బు లావాదేవీ నడిపే బ్యాంకుకు గాని, రోగి వివరాలు పంపే వైద్యునికి గాని ఇది చాలదు. వారికి కనీస వేగంపై ముందుగానే హామీ కావాలి. ఇరవై, ముప్పై కేంద్రాలు మాత్రమే ఉన్న చిన్న నెట్‌వర్కులు సైతం ఇట్టి హామీని పొందగలగడం వీశాట్ విధానంలోని ప్రత్యేకత.

చరిత్ర

భూమధ్యరేఖకు పైన 35,786 కి.మీ. ఎత్తులో తిరిగే ఉపగ్రహం భూమి నుండి చూచువారికి కదలక నిలిచి ఉన్నట్లు కనిపిస్తుంది. ఇట్టి ఉపగ్రహాలతో ప్రపంచమంతటా సమాచారం పంపవచ్చునని ఆర్థర్ సి. క్లార్క్ 1945లో ఒక వ్యాసంలో వివరించాడు. 1964లో ప్రయోగించిన సింకామ్-3 మొదటి భూస్థిర ఉపగ్రహం. ఆ కాలపు ఉపగ్రహాల సంకేతాలు చాలా బలహీనంగా ఉండేవి. కనుక భూకేంద్రాలకు సుమారు 30 మీటర్ల వ్యాసం గల యాంటెన్నాలు అవసరమయ్యేవి. ఉపగ్రహాల శక్తి పెరిగిన కొలదీ డిష్ పరిమాణం తగ్గుతూ వచ్చింది. 1980లలో అమెరికాలో సంస్థలు తమ సొంత వీశాట్ నెట్‌వర్కులను నెలకొల్పుకొన్నాయి. వాల్‌మార్ట్ సంస్థ తన దుకాణాలను కలిపే ఉపగ్రహ నెట్‌వర్కును 1987లో పూర్తి చేసింది.

భారతదేశంలో 1975-76లో జరిగిన "సైట్" ప్రయోగంలో ఆంధ్ర ప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలకు ఉపగ్రహం ద్వారా టెలివిజన్ కార్యక్రమాలు అందించారు. ఆ డిష్‌లు స్వీకరించగలవే గాని తిరిగి పంపలేవు. 1980ల చివరలో నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ తన నిక్‌నెట్ ద్వారా జిల్లా కేంద్రాలను ఉపగ్రహ మార్గంలో కలిపింది. 1994 నవంబరులో షేర్ల వ్యాపారం ప్రారంభించిన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి దేశమంతటా ఉన్న బ్రోకర్లను వీశాట్‌లతో అనుసంధానించింది. బ్యాంకుల కొరకు "ఇన్ఫినెట్" అను నెట్‌వర్కు 1999లో ఏర్పడింది. దీనిని హైదరాబాదులోని బ్యాంకింగ్ సాంకేతిక పరిశోధన సంస్థ (ఐడీఆర్‌బీటీ) నెలకొల్పింది. దాని ప్రధాన కేంద్రం కూడా హైదరాబాదులోనే ఉండేది.

నిర్మాణం

వీశాట్ నెట్‌వర్కులో మూడు భాగాలు ఉంటాయి.

* బయటి పరికరాలు: డిష్, సంకేతాన్ని పంపే ప్రసారిణి, ఉపగ్రహం నుండి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే స్వీకరిణి. చిన్న కేంద్రాలలో ప్రసారిణి శక్తి తరచుగా కొద్ది వాట్లు మాత్రమే ఉంటుంది.
* లోపలి పరికరం: కంప్యూటర్లకు, టెలిఫోన్లకు కలిపే మోడెమ్. బయటి పరికరాలతో దీనిని కేబుల్ ద్వారా కలుపుతారు.
* హబ్: పెద్ద యాంటెన్నా గల కేంద్ర స్థానం. ఏ వీశాట్ ఎప్పుడు, ఎంత సమాచారం పంపవలెనో ఇదే నిర్ణయిస్తుంది.

ఎక్కువ నెట్‌వర్కులు నక్షత్రాకారంలో ఉంటాయి. అనగా ప్రతి వీశాట్ హబ్‌తోనే మాట్లాడుతుంది. ఒక శాఖ నుండి మరొక శాఖకు సమాచారం పోవలెనన్నా హబ్ మీదుగానే పోవాలి. వల ఆకారంలో ఉన్న నెట్‌వర్కులలో శాఖలు ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడగలవు. కాని వాటికి పెద్ద డిష్‌లు, ఎక్కువ శక్తి గల ప్రసారిణులు కావాలి.

సామర్థ్యాన్ని పంచే పద్ధతులు

ఉపగ్రహంపై లభించే ప్రసార సామర్థ్యం పరిమితం, ఖరీదైనది. దానిని పంచడంలో రెండు ప్రధాన పద్ధతులు కలవు.

మొదటిది ఒక్కొక్క కేంద్రానికి ఒక ప్రత్యేక పౌనఃపున్యాన్ని శాశ్వతంగా కేటాయించడం. దీనిని ఎస్‌సీపీసీ అంటారు. ఇందులో హామీ సంపూర్ణం. కాని ఆ కేంద్రం పని చేయని సమయంలో కూడా దాని వాటా ఖాళీగానే పడి ఉంటుంది.

రెండవది కాలాన్ని చిన్న చిన్న ముక్కలుగా విభజించి, ఒకే పౌనఃపున్యంపై అనేక కేంద్రాలకు వంతులవారీగా ఇవ్వడం. దీనిని టీడీఎంఏ అంటారు. ఒకే కాలువ నీటిని రైతులు వంతుల ప్రకారం పారించుకోవడం వంటిదే ఇది. ఎగువవారు ఎక్కువ వాడుకొంటే చివరి భూములు ఎండిపోయినట్లు, వంతుల లెక్క సరిగా లేకపోతే కొన్ని శాఖలకు సేవ అందదు.

2000లో ఐరోపా ప్రమాణాల సంస్థ ప్రచురించిన డీవీబీ-ఆర్‌సీఎస్ ప్రమాణం ఈ వంతులను పలు రకాలుగా వర్గీకరించింది. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

# నిరంతర కేటాయింపు: అడిగినా అడగకపోయినా ప్రతి వంతులోను నిర్ణీత వాటా లభిస్తుంది.
# వేగాన్ని బట్టి కేటాయింపు: తనకు ఎంత వేగం కావాలో వీశాట్ అడుగుతుంది, ముందుగా ఒప్పుకొన్న గరిష్ఠ పరిమితి వరకు హబ్ ఇస్తుంది.
# పరిమాణాన్ని బట్టి కేటాయింపు: పంపవలసిన సమాచారం ఎంత ఉన్నదో వీశాట్ తెలుపుతుంది, వీలు చూసుకొని హబ్ ఇస్తుంది.
# మిగులు కేటాయింపు: ఎవరికీ అక్కరలేక మిగిలినది అడగకుండానే పంచబడుతుంది. దీనిపై హామీ ఉండదు.

మొదటి రెండు రకాలే హామీతో కూడిన సేవకు ఆధారం. అయితే అడిగి పొందే కేటాయింపులో ఒక చిక్కు ఉన్నది. విన్నపం హబ్‌కు చేరడానికి పావు సెకను, అనుమతి తిరిగి రావడానికి మరొక పావు సెకను పడుతుంది. కాబట్టి తక్షణ స్పందన అవసరమైన పనులకు నిరంతర కేటాయింపు ఉత్తమం.

ఒక ఉదాహరణ

ఇరవై శాఖలు గల ఒక సహకార బ్యాంకును ఊహించుకొందాం. శాఖల నుండి హబ్ వైపు మొత్తం సామర్థ్యం సెకనుకు 1,024 కిలోబిట్లు అనుకొందాం. లావాదేవీల కొరకు ప్రతి శాఖకు 16 కిలోబిట్లు నిరంతరం కేటాయిస్తే 320 కిలోబిట్లు అవుతాయి. ఒక ఫోను సంభాషణకు 24 కిలోబిట్లు కావాలి. ఒకేసారి ఆరు సంభాషణలకు మించి అనుమతించకపోతే 144 కిలోబిట్లు సరిపోతాయి. ఈ రెండూ కలిపి 464. మిగిలిన 560 కిలోబిట్లు ఈ-మెయిళ్లకు, నివేదికలకు ఉమ్మడిగా ఉంటాయి. ఇరవై శాఖలూ ఒకేసారి వాడితే ఒక్కొక్కదానికి 28, రెండే వాడితే ఒక్కొక్కదానికి 280 కిలోబిట్లు దక్కుతాయి.

ఇదే సామర్థ్యంపై ప్రతి శాఖకు 64 కిలోబిట్ల హామీ ఇస్తామని ఎవరైనా చెబితే అది అసాధ్యం. ఎందుకనగా ఇరవై శాఖలకు 1,280 కిలోబిట్లు కావలసి వస్తుంది. హామీల మొత్తం ఉన్న సామర్థ్యాన్ని మించకూడదు. సేవానాణ్యతకు ఇదే మూలసూత్రం. ఆరు సంభాషణలు సాగుతున్నప్పుడు ఏడవదానిని నిరాకరించడం కూడా ఈ సూత్రాన్ని అనుసరించియే. దానిని అనుమతిస్తే ఆ అదనపు భారం లావాదేవీల మీదనో, మిగిలిన ఆరు సంభాషణల మీదనో పడుతుంది.

ఆలస్యం

వేగానికి హామీ ఇవ్వవచ్చు గాని దూరాన్ని తగ్గించలేము. రేడియో తరంగాలు సెకనుకు సుమారు 3 లక్షల కి.మీ. వేగంతో పయనిస్తాయి. భూమి నుండి ఉపగ్రహానికి, అక్కడి నుండి తిరిగి భూమికి చేరడానికి సుమారు పావు సెకను పడుతుంది. ప్రశ్న పంపి జవాబు పొందడానికి కనీసం అర సెకను కావాలి. నక్షత్రాకార నెట్‌వర్కులో రెండు శాఖల మధ్య ఫోను సంభాషణ జరిగితే మాట రెండుసార్లు ఉపగ్రహానికి వెళ్లి రావాలి. అందువలన ఒకవైపు ఆలస్యమే అర సెకను దాటుతుంది. అంతర్జాతీయ టెలికాం సమితి సూచించిన గరిష్ఠ పరిమితి 0.4 సెకను మాత్రమే. శాఖల మధ్య సంభాషణలు ఎక్కువగా ఉంటే వల ఆకారపు నిర్మాణం ఎంచుకోవడానికి కారణం ఇదే.

ఈ ఆలస్యం ఇంటర్నెట్ వేగాన్ని కూడా ప్రభావితం చేస్తుంది. పాత టీసీపీ విధానంలో పంపే కంప్యూటరు 65,535 బైట్లు పంపిన తరువాత, అందినట్లు కబురు వచ్చేవరకు ఆగుతుంది. రాకపోకలకు 0.6 సెకను పట్టే మార్గంలో ఇట్టి ఒక కనెక్షను సెకనుకు సుమారు 870 కిలోబిట్లను మించి పంపజాలదు. కొనుగోలు చేసిన వేగం 2 మెగాబిట్లు అయినా ఫలితం ఇంతే. ఈ లోపాన్ని నివారించడానికి వీశాట్ మోడెమ్, హబ్ కలిసి పంపే కంప్యూటరుకు ముందుగానే కబురు ఇచ్చి, ఉపగ్రహ మార్గంలో తమకు అనువైన వేరొక పద్ధతిని వాడతాయి.

వర్షం, సూర్యుడు

వీశాట్‌లు ముఖ్యంగా సి, కేయూ, కేఏ అను మూడు పౌనఃపున్య శ్రేణులలో పనిచేస్తాయి. సి శ్రేణికి పెద్ద డిష్ కావాలి గాని వర్షం వలన అంతరాయం స్వల్పం. కేయూ, కేఏ శ్రేణులకు చిన్న డిష్ చాలును గాని భారీ వర్షంలో సంకేతం క్షీణిస్తుంది. 2005లో ఆమోదం పొందిన డీవీబీ-ఎస్2 ప్రమాణంలో వాన పడినప్పుడు వేగాన్ని తగ్గించి సంధానం తెగకుండా కాపాడే ఏర్పాటు ఉన్నది. అయితే ఎండ కాసేటప్పటి వేగాన్ని ఆధారంగా చేసుకొని హామీలన్నీ లెక్కిస్తే, వాన వచ్చినప్పుడు అవి నిలబడవు. హామీని తగ్గిన వేగానికే లెక్క కట్టాలి.

లభ్యతను శాతాలలో చెబుతారు. 99.5 శాతం లభ్యత అనగా ఏడాదిలో దాదాపు 44 గంటల అంతరాయం, 99.9 శాతం అనగా 9 గంటలకు కొద్దిగా తక్కువ. ఇది సంవత్సరపు సగటు. వర్షాల వలన కలిగే అంతరాయం అధికభాగం వానాకాలపు నెలలలోనే వస్తుంది. కాబట్టి నెలవారీ లభ్యతను కూడా ఒప్పందంలో వ్రాసుకోవడం మేలు.

విషువత్తుల సమయంలో కొన్ని రోజుల పాటు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వస్తాడు. అప్పుడు కొద్ది నిమిషాల పాటు సూర్యుని రేడియో ధ్వనిలో సంకేతం మునిగిపోతుంది. మన దేశంలో ఇది మార్చి, అక్టోబరు ప్రాంతాలలో జరుగుతుంది. దీని వేళలను ముందుగానే గణించవచ్చు. వీశాట్‌లపై ఎక్కువగా ఆధారపడిన కాలంలో భారతీయ స్టాక్ ఎక్స్ఛేంజీలు ఆ రోజులలో వ్యాపార వేళలను సవరించుకొనేవి.

చిన్న నెట్‌వర్కులు

సొంత హబ్ నెలకొల్పడం ఖర్చుతో కూడిన పని. వేల కేంద్రాలు గల సంస్థకు అది గిట్టుబాటు అవుతుంది. పది, ఇరవై కేంద్రాలు గల సంస్థలు సాధారణంగా సేవాసంస్థ నడిపే ఉమ్మడి హబ్‌లో వాటా తీసుకొంటాయి. అప్పుడు ఒప్పందంలో ఈ క్రింది అంశాలు స్పష్టంగా ఉండాలి.

* కనీస హామీ వేగం, గరిష్ఠ వేగం - రెండు దిశలలోను విడివిడిగా
* ఉమ్మడి వాటాను ఎన్ని కేంద్రాలు పంచుకొంటున్నాయి
* ఏ రకపు సమాచారానికి ప్రాధాన్యం
* నెలవారీ లభ్యత, చెడిపోతే ఎన్ని గంటలలో బాగుచేయాలి

"2 మెగాబిట్ల వరకు" అను మాటలో గరిష్ఠ వేగం మాత్రమే ఉన్నది, హామీ లేదు.

ఉపయోగాలు

చిత్తూరు జిల్లా అరగొండలో 2000లో ప్రారంభమైన టెలిమెడిసిన్ కేంద్రానికి ఇస్రో వీశాట్ సౌకర్యం సమకూర్చింది. 2004 సెప్టెంబరు 20న శ్రీహరికోట నుండి ప్రయోగించిన ఎడ్యుశాట్ ఉపగ్రహం 2010 వరకు విద్యాసంస్థలకు పాఠాలు చేరవేసింది. తుఫానుల సమయంలో స్తంభాలు, కేబుళ్లు కూలినా, డిష్ నిలిచి, బ్యాటరీ లేదా జనరేటరు ఉంటే వీశాట్ పనిచేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకి విద్యుత్తు, టెలిఫోను వ్యవస్థలను స్తంభింపజేసినపుడు ఇట్టి ప్రత్యామ్నాయ మార్గాల ఆవశ్యకత తెలిసివచ్చింది.

ఇటీవలి పరిణామాలు

2018 డిసెంబరు 5న ప్రయోగించిన 5,854 కిలోల జీశాట్-11 దేశాన్ని అనేక చిన్న ప్రసార పరిధులుగా విభజించి, అవే పౌనఃపున్యాలను మరల మరల వాడుతుంది. దీనివలన మొత్తం సామర్థ్యం అనేక రెట్లు పెరుగుతుంది. జీశాట్-11, జీశాట్-29 ఉపగ్రహాల ఆధారంగా 2022 సెప్టెంబరులో వాణిజ్య సేవలు మొదలైనాయి. వన్‌వెబ్ సంస్థకు చెందిన 72 ఉపగ్రహాలను 2022, 2023 సంవత్సరాలలో రెండు విడతలుగా శ్రీహరికోట నుండి ప్రయోగించారు. ఇవి సుమారు 1,200 కి.మీ. ఎత్తులోనే తిరుగుతాయి గనుక ఆలస్యం చాలా తక్కువ. అయినప్పటికీ ఒక పరిధిలోని సామర్థ్యాన్ని అక్కడి వారందరూ పంచుకోవలసినదే. కనుక హామీల లెక్క ఈ కొత్త ఉపగ్రహాలకూ వర్తిస్తుంది.

ఇవి కూడా చూడండి

* భూస్థిర కక్ష్య
* ఎడ్యుశాట్
* జీశాట్-11
* సతీష్ ధావన్ అంతరిక్ష కేంద్రం