అసలు ధర – కొసరు

బోధన్ ప్రాంతపు రైతు బేరమెరుగనివాడు కాడు. పశువుల సంతలో ఎడ్ల జతకు వెల కట్టేటప్పుడు గాని, అంగడిలో కూరగాయలు కొనేటప్పుడు గాని అతడు గీచి గీచి బేరమాడతాడు. తన పంటను అమ్ముకొనే వేళ మాత్రం ధర చెప్పేది ఎదుటివారే. చెరకు కనీస ధరను కేంద్రప్రభుత్వం ప్రకటిస్తుంది. నిజామాబాదు మార్కెట్ యార్డులో పసుపు రాశులకు వ్యాపారులు ధర వేస్తారు. 2016 ఏప్రిల్‌లో జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ విపణి ఆరంభమైనప్పుడు తొలి విడతలో చేరిన యార్డులలో ఇదీ ఒకటి. అయినా రైతు చేయగలిగింది ఆ ధరకు ఒప్పుకోవడమో, సరుకును మరికొంత కాలం దాచుకోవడమో మాత్రమే. ఈ అలవాటుతోనే అతడు అద్దాల తలుపులు తెరుచుకొని వాహనాల షోరూములో అడుగుపెడతాడు. అక్కడ అచ్చువేసి ఇచ్చిన కాగితంలోని అంకెలన్నీ సర్కారు నిర్ణయించినవే అనుకుంటాడు. నిజానికి వాటిలో కొన్ని మాత్రమే అట్టివి.

ఈ ప్రాంతంలో పెద్ద కుటుంబాలకు ఏడెనిమిదిమంది కూర్చొనే బండి విలాస వస్తువు కాదు. పెండ్లిళ్ళకు, బాసర యాత్రకు, ఆపదలో హైదరాబాదు ఆసుపత్రికి అదే ఆధారం. బోధన్ పక్కనున్న శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారానికి ఒకప్పుడు ఎడ్లబండ్లు బారులు తీరి చెరకును మోసేవి. ఆ బండ్లే కుటుంబాలనూ మోశాయి. 2015 డిసెంబరులో ఆ కర్మాగారం మూతపడింది. అప్పటికే ఊళ్ళ రూపురేఖలు మారిపోయాయి. 1984లో వచ్చి, తరువాత ఓమ్నీగా పేరు మారిన మారుతీ వ్యాను, 2000లో క్వాలిస్, 2005లో ఇన్నోవా, 2012లో ఎర్టిగా వరుసగా రోడ్లకెక్కాయి. పసుపు అమ్మిన సొమ్మో, గల్ఫ్ దేశంలో కష్టపడిన కొడుకు పంపిన సొమ్మో ఒక్క సంతకంతో ఖర్చయ్యే చోటు షోరూము. అందుచేత ఆ కాగితాన్ని చదవడం తెలిసి ఉండాలి.

షోరూము ధర వేరు, బండి రోడ్డెక్కేసరికి అయ్యే ధర వేరు. షోరూము ధరలోనే జి.ఎస్.టి. కలిసి ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుండి నాలుగు మీటర్లకు మించని పొడవు, 1200 సీసీకి మించని పెట్రోలు ఇంజిను గల బండ్లకు 18 శాతం, వాటికంటె పెద్దవాటికి 40 శాతం పన్ను వర్తిస్తున్నది. దీనిపై రాష్ట్రప్రభుత్వానికి చెల్లించే జీవితకాల పన్ను అదనం. తెలంగాణలో బండి ధర పెరిగినకొద్దీ దీని శాతమూ పెరుగుతుంది. ఈ పన్నులలో పైసా తగ్గించే అధికారం డీలరుకు లేదు. ధర పది లక్షలు దాటితే మరొక శాతం ఆదాయపు పన్ను కింద ముందుగా వసూలవుతుంది. అయితే ఇది పోయిన సొమ్ము కాదు. పన్ను కట్టవలసినంత ఆదాయం లేని రైతు సైతం రిటర్ను దాఖలు చేసి దీనిని తిరిగి పొందవచ్చును. పదకొండు లక్షల బండి మీద ఇది పదకొండు వేలు. చాలామంది దీనిని మరచిపోవడం విచారకరం.

బేరానికి తావున్నది మిగిలిన పద్దులలో. బీమానే చూడండి. సుప్రీంకోర్టు ఆదేశం మేరకు 2018 సెప్టెంబరు 1 నుండి కొత్త కార్లకు మూడేండ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి అయింది. దాని ప్రీమియాన్ని కేంద్రప్రభుత్వమే నిర్ణయిస్తుంది. కాని సొంత బండికి కలిగే నష్టానికి చేసే బీమా ప్రీమియం సంస్థను బట్టి మారుతుంది. షోరూము చూపిన సంస్థ వద్దనే దానిని కొనాలన్న నిబంధన ఏదీ లేదు. బయటి ఏజెంటు ఇచ్చిన కాగితాన్ని ముందుంచితే షోరూమువారే తమ అంకెను తగ్గించిన సందర్భాలు కొల్లలు. 'హ్యాండ్లింగ్ చార్జీలు' అన్న పద్దు కనిపిస్తే అది దేనికని అడగాలి. అడిగినవారికి అది చాలాసార్లు మాయమవుతుంది.

ఇక రాయితీ. "ఇంతకంటె తగ్గించడానికి కంపెనీ ఒప్పుకోదు" అని అమ్మకందారు చెప్పే మాట ఎప్పుడూ అబద్ధమేమీ కాదు. డీలర్లు పరిమితికి మించి రాయితీ ఇవ్వకుండా మారుతీ సుజుకీ సంస్థ కట్టడి చేసిందని తేల్చి, కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2021 ఆగస్టు 23న 200 కోట్ల రూపాయల జరిమానా విధించింది. కొనుగోలుదారుల వేషంలో మనుషులను పంపి డీలర్లను పరీక్షించేవారని కూడా ఆ ఉత్తర్వు పేర్కొన్నది. సంస్థ దానిపై అప్పీలుకు వెళ్ళింది. డీలర్లు ఒకరితో ఒకరు పోటీపడితే లాభం కొనేవారిదేనన్న విషయం ఈ వ్యవహారంలో స్పష్టమవుతుంది. అందువల్ల నిజామాబాదులోనే ఆగక, హైదరాబాదు డీలరు నుండి కూడా ధర రాయించి తెచ్చుకోవడం మంచిది. అక్కడ కొనకపోయినా ఆ కాగితం ఇక్కడ మాట్లాడుతుంది.

రాయితీని నగదుగా తగ్గించడానికి బదులు సీటు కవర్లు, చాపలు, పాటల పెట్టె ఉచితమని చెప్పడం పరిపాటి. ఇది మన అంగళ్ళలో పాతకాలపు కొసరే. కొసరు తీసుకోవడంలో తప్పు లేదు. అయితే షోరూములో ఇరవై వేలని చెప్పే సామాను బయటి దుకాణంలో ఎంతకు దొరుకుతుందో తెలుసుకొని, ఆ మేరకే దానికి విలువ కట్టాలి.

అన్నింటికంటె పెద్ద చిక్కు నెలవాయిదాలో ఉంది. "నెలకు ఎంత కట్టగలరు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పిన క్షణమే బేరం ధరపై నుండి వాయిదాపైకి జారుతుంది. 9 శాతం వడ్డీకి 8 లక్షల అప్పు తీసుకున్నారనుకుందాం. అయిదేండ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 16,600 రూపాయలు కట్టాలి. ఏడేండ్లకు పెంచితే వాయిదా సుమారు 12,870కి దిగుతుంది. చూడడానికి తేలికగానే ఉంటుంది. మొత్తం లెక్కిస్తే మాత్రం దాదాపు 85 వేలు అదనంగా పోతాయి. గంటసేపు వాదించి సాధించిన పదివేల రాయితీ ఇందులో ఏ మూలకు? ధర ఖరారైన తరువాతనే అప్పు మాట ఎత్తడం ఉచితం.

కాలం కూడా బేరంలో ఒక పక్షమే. పండుగల వేళ గిరాకీ హెచ్చు, రాయితీ తక్కువ. డిసెంబరులో ఆ సంవత్సరం తయారైన బండ్లను వదిలించుకోవాలని డీలర్లు తొందరపడతారు. మార్చి నెలాఖరున అమ్మకాల లక్ష్యాలు పూర్తిచేసుకోవాలని చూస్తారు. పసుపు సొమ్ము చేతికందే రోజులూ ఇంచుమించు అవే కావడం ఈ ప్రాంతపు రైతుకు కలిసివచ్చే విషయం. నెలరోజుల సెలవుపై గల్ఫ్ నుండి వచ్చిన యువకుని పరిస్థితి ఇందుకు విరుద్ధం. తిరుగు విమానం ఎక్కేలోగా బండి ఇంటిముందు నిలవాలని అతడు ఆరాటపడతాడు. ఆ సంగతి అమ్మకందారుకు తెలిసిందా, బేరం అక్కడితో ముగిసినట్లే. అతడు రాకముందే ఇంట్లోని పెద్దలో, చెల్లెలో నాలుగుచోట్ల ధరలు రాయించి ఉంచితే ఈ ఇబ్బంది ఉండదు.

డిసెంబరు రాయితీకి ఆశపడి జనవరిలో బండి తెచ్చుకొనేవారు మరొకటి చూసుకోవాలి. కొత్త సంవత్సరంలో రిజిస్టరైనా ఆ బండి నిరుటిదే. తిరిగి అమ్మేనాడు ఆ మేరకు వెల తగ్గుతుంది. డీలరు ఇచ్చే ఫారం 21 అనే అమ్మకపు ధ్రువపత్రంలో తయారీ నెల, సంవత్సరం, చాసిస్ సంఖ్య ఉంటాయి. చివరి విడత సొమ్ము చెల్లించకముందే ఆ సంఖ్యను బండి మీదనున్న సంఖ్యతో సరిచూసుకోవాలి.