పొగ ఎవరి పద్దులో?

కుంట నుండి ఎర్రబోరు మీదుగా ఉత్తరాన సాగే రహదారి జగదల్‌పూర్ చేరుతుంది. ఆ పట్టణానికి చేరువనే నగర్నార్ ఉక్కు కర్మాగారం. ఏటా 30 లక్షల టన్నుల ఉక్కు దాని సామర్థ్యం. 2023లో ఉత్పత్తి ఆరంభమైంది.

దానిని నిర్మించినది జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ. హైదరాబాదు కేంద్రంగా గల ఈ ప్రభుత్వ సంస్థ 1968 నుండి బైలాడీలా కొండలలో ఇనుప ఖనిజం తవ్వుతున్నది. 2022లో కర్మాగారాన్ని వేరు కంపెనీగా విడదీసి, పాత వాటా ఒక్కింటికి కొత్త వాటా ఒకటి చొప్పున వాటాదారులకు ఇచ్చారు. ఉద్దేశం పెట్టుబడుల ఉపసంహరణ. కాలుష్యపు లెక్కతో దానికి సంబంధం లేదు. అయినా లెక్క మారింది. ఖనిజం తవ్వుటకు కావలసిన ఇంధనం స్వల్పం. దానిని ఊదుకొలిమిలో కోకుబొగ్గుతో కరిగించి టన్ను ఉక్కు తీసేసరికి రెండు టన్నులకు పైగా బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. గని పద్దు తేలికైంది, కొలిమి పద్దు బరువెక్కింది. రెండు వాటాలూ దాచుకున్న మదుపుదారుకు మాత్రం పొగ ఎటూ పోలేదు!

2070 నాటికి ఉద్గారాలను నికర శూన్యానికి తెస్తామని భారతదేశం 2021లో గ్లాస్గోలో ప్రకటించింది. వెయ్యి పెద్ద కంపెనీలు తమ సొంత ఇంధనం, కొన్న విద్యుత్తు వల్ల కలిగే ఉద్గారాలను వెల్లడించాలని సెబీ 2022-23 నుండి నిర్బంధించింది. అమ్మిన ఖనిజం పరుల కొలిమిలో వెలువరించే వాయువు సంగతి చెప్పడం ఐచ్ఛికం. గని కంపెనీ ప్రకటించే ‘శూన్యం’లో సింహభాగం ఇక్కడే జారిపోవచ్చు.

కాబట్టి మదుపుదారు అడగవలసినది గడువు సంవత్సరం ఒక్కటే కాదు. ఊదుకొలిమి లోపలి ఇటుకల పొర సుమారు 15–20 ఏళ్లకు మార్చవలసి ఉంటుంది. ఆనాడు కంపెనీ మళ్లీ బొగ్గుకొలిమికే ఇటుకలు పేరుస్తుందా, లేక హైడ్రోజన్ వంటి మరో దారికి ఇప్పటి నుండే సొమ్ము కేటాయిస్తున్నదా?