గాజుపెట్టెలో చిన్న అడవి

చెట్లమీద బతికే చిన్న బల్లులను మొక్కల మధ్య పెంచే గాజుపెట్టెను వివేరియం అంటారు. నేలమీద తిరిగే జీవికి పొడవూ వెడల్పూ ఉంటే చాలు. కొమ్మలు పట్టుకుని పాకే జీవికి ఎత్తు కావాలి. అందుకే ఈ పెట్టె నిలువుగా ఉంటుంది. అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉంటే అరచేతంత బల్లికి సరిపోతుంది. గాలి ఆడటానికి పైమూతకు, ముందువైపు కింది భాగానికి సన్నని జాలీ బిగిస్తారు.

ఇలాంటి పెట్టెకు అసలు నమూనా ఎలా ఉంటుందో వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండల్లో చూడవచ్చు. మూసీ పుట్టిన ఈ అడవిలో వానలు మొదలయ్యాక తెల్లవారేసరికి ఆకులన్నీ తడిగా ఉంటాయి. పొద్దెక్కేకొద్దీ ఆ తడి ఆరిపోతుంది. తొండ కొమ్మ చివరికొచ్చి ఎండ కాచుకుంటుంది, ఒళ్లు వేడెక్కగానే ఆకుల చాటుకు జారుకుంటుంది. ఒంట్లో సొంతంగా వేడి పుట్టించుకోలేని జీవికి చోటు మార్చడమే ఉపాయం. ఒకే చెట్టులో దానికి ఎండా నీడా, తడీ పొడీ అన్నీ దొరుకుతాయి. వివేరియం కట్టేవాళ్లు సాధించాల్సిందీ ఇదే. పెట్టె అంతటా ఒకే వేడి, ఒకే తేమ ఉంటే అందులో బల్లికి తప్పించుకునే చోటుండదు.

అనంతగిరి కొమ్మలమీద ఊసరవెల్లి కూడా ఉంది. తొండ ముదిరి ఊసరవెల్లి అవుతుందని సామెత. నిజానికి రెండూ వేర్వేరు కుటుంబాల జీవులు, ఒకటి ముదిరితే మరొకటి కాదు. ఊసరవెల్లి కళ్లు రెండూ వేర్వేరు దిక్కులకు తిరుగుతాయి. వేళ్లు రెండు గుంపులుగా చీలి పట్టుకారులా కొమ్మను పట్టుకుంటాయి. తోక కొమ్మకు చుట్టుకుంటుంది. దాని కాటులో విషం లేదు. అయినా భయంతో రాళ్లు విసిరేవాళ్లున్నారు, ముచ్చటపడి ఇంటికి తెచ్చుకునేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పే. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఊసరవెల్లికి రక్షణ కల్పించింది. పట్టడం, పెంచడం, అమ్మడం నేరం.

ప్రపంచంలో పెంపకందార్లు ఎక్కువగా పెంచేది తరతరాలుగా పెట్టెల్లోనే పుడుతున్న జాతులను. న్యూ కలెడోనియా దీవులకు చెందిన క్రెస్టెడ్ గెక్కో వాటిలో ఒకటి. ఈ బల్లి అంతరించిపోయిందనే శాస్త్రవేత్తలు చాలాకాలం అనుకున్నారు. 1994లో మళ్లీ కనిపించింది. మడగాస్కర్ ప్రాంతపు పచ్చని డే గెక్కోలు అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందమైన సైట్స్ జాబితాలో ఉన్నాయి. మన చట్టానికి 2022లో చేసిన సవరణ ప్రకారం ఆ జాబితాలోని విదేశీ జీవి ఇంట్లో ఉంటే ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాలి. అది పిల్లలు పెడితే ఆ వివరమూ ఇవ్వాలి. కేంద్ర పర్యావరణ శాఖ 2024లో ఇందుకు నియమాలు తెచ్చింది. ఆ శాఖ పరివేశ్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవాలి. కాగితాలు చూపలేని అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

పెట్టె కట్టడం అడుగునుంచి మొదలవుతుంది. కింద రెండు అంగుళాల మందాన ఇటుక ముక్కలు పరుస్తారు. మిగులు నీళ్లు అక్కడికి దిగుతాయి కాబట్టి వేళ్లు కుళ్లవు. దానిపైన నైలాన్ జాలీ, ఆపైన కొబ్బరిపొట్టు, ఇసుక, బొగ్గు ముక్కలు కలిపిన మట్టి, అన్నిటికన్నా పైన ఎండుటాకులు. ఆ ఆకుల కింద స్ప్రింగ్‌టెయిల్స్ అనే తెల్లని చుక్కల్లాంటి పురుగులను వదులుతారు. బూజునూ రెట్టలనూ తిని అవే మట్టిని శుభ్రంగా ఉంచుతాయి. మనీప్లాంట్, సింగోనియం, ఫెర్న్‌లు పెట్టెలో బాగా పెరుగుతాయి. నర్సరీలో వాటిపై మందు కొట్టి ఉంటారు కనుక వేళ్లు, ఆకులు కడిగి కొన్ని వారాలు విడిగా ఉంచాకే లోపల నాటాలి. ఇంత మట్టి, తడి, గాజు కలిస్తే బరువు తక్కువేమీ కాదు. వికారాబాద్ జిల్లాలోని తాండూరు ఇళ్లలో గోడకు బిగించిన నాపరాతి అర దాన్ని చెక్క బల్లకన్నా నమ్మకంగా మోస్తుంది.

ఉదయం, సాయంత్రం నీళ్లు పిచికారీ చేయాలి. ఈ బల్లుల్లో చాలావాటికి గిన్నెలో నిలిచిన నీళ్లు తాగే అలవాటు ఉండదు. ఆకు కొసన వేలాడే చుక్కను నాలుకతో నాకుతాయి. తాండూరుది సున్నపురాయి నేల. అక్కడి బోరు నీళ్లు చల్లితే గాజుమీద తెల్లని మరకలు కడతాయి, అందుకే వాననీళ్లు పట్టి ఉంచుకోవడం మేలు. వేడితోనే అసలు చిక్కు. క్రెస్టెడ్ గెక్కోకు 22 నుంచి 26 డిగ్రీలు హాయి, 30 దాటి అలాగే ఉంటే ప్రాణాపాయం. మే నెలలో తాండూరు ఎండ 40 దాటుతుంది. ఏసీ గది లేని ఇంట్లో ఈ జాతిని పెంచకూడదు.

మేతగా చిమ్మెటల పిల్లలు, పండు ఈగలు వేస్తారు. కంది చేలల్లో పట్టిన పురుగులు పనికిరావు, మందు కొట్టిన పైరు తిన్న పురుగు బల్లి కడుపులోకి విషాన్ని మోసుకెళుతుంది. మేతకు ముందు పురుగుపై కాల్షియం పొడి అద్దాలి. పగలు తిరిగే జాతులకైతే అతినీలలోహిత కిరణాలిచ్చే దీపం కూడా ఉండాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ ఆ లోటు తీర్చదు, వాటిలో బల్లికి కావాల్సినవాటిని గాజు ఆపేస్తుంది. ఈ రెండిట్లో ఏది తగ్గినా ఎముకలు మెత్తబడి, దవడ వంగి, బల్లి తిండి నమలలేక చనిపోవచ్చు. పెంపకంలో తరచూ ఎదురయ్యే జబ్బు ఇదే.

గుడ్ల సంగతి తెలుసుకోవడానికి ఇంటి బల్లిని చూస్తే చాలు. ట్యూబులైటు దగ్గర గోడను అంటిపెట్టుకున్న ఆడబల్లి పొట్ట చర్మంలోంచి రెండు తెల్లని గుడ్లు పక్కపక్కనే కనిపిస్తాయి. గెక్కోలు చాలావరకు ఇలా విడతకు రెండే పెడతాయి. డే గెక్కో వాటిని ఆకు మొదట్లోనో వెదురు బొంగులోనో దాస్తుంది, క్రెస్టెడ్ గెక్కో తడి మట్టిలో పూడుస్తుంది. గుడ్డును తీయాల్సి వస్తే పైవైపు పెన్సిల్‌తో గుర్తుపెట్టి, అటూ ఇటూ తిప్పకుండా అలాగే తడి కొబ్బరిపొట్టులో పెట్టాలి. తిప్పితే లోపలి పిండం చనిపోవచ్చు. రెండు మూడు నెలలకు పిల్ల బయటికొస్తుంది. దాన్ని వేరే పెట్టెలో పెంచాలి, పెద్దవి దాన్నీ మేతగానే చూస్తాయి. ఆడబల్లికి ఏటా కొన్ని నెలలు విరామం ఇవ్వాలి. వరసగా గుడ్లు పెడితే దాని ఎముకల్లోని కాల్షియం గుడ్ల పెంకులకు పోతుంది.

ఊసరవెల్లి కూడా గుడ్లను మట్టిలోనే పెడుతుంది. జీవితమంతా కొమ్మలమీద గడిపే ఆడ ఊసరవెల్లి గుడ్ల వేళకు నేలకు దిగి గుంత తవ్వక తప్పదు. దాని నడక మెల్లన, ఒక్కో అడుగూ ఊగుతూ వేస్తుంది. అనంతగిరి ఘాటు రోడ్డుమీద అప్పుడు చక్రాల కింద పడే ప్రమాదం ఉంది. రోడ్డు దాటుతూ ఊసరవెల్లి కనిపిస్తే బండి ఆపండి. ముందు ఒక పుల్ల పెడితే అదే ఎక్కుతుంది. అది వెళుతున్న వైపునే, రోడ్డుకు దూరంగా పొదలో వదలండి.