రాజు తల... చక్రవర్తి కిరీటం

కొడుకు పట్టాభిషేకానికి కన్నతల్లి రాలేదు. ఇంట్లో గొడవలు. రోమ్‌లోనే ఉండిపోయింది. అయినా ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియానికి వెళ్తే, సుమారు 10 మీటర్ల వెడల్పున్న ఆ చిత్రంలో ఆమె నట్టనడుమ దర్జాగా కూర్చుని కనిపిస్తుంది! కొడుకు పేరు నెపోలియన్. రాని తల్లిని రప్పించిన చిత్రకారుడు జాక్ లూయీ డేవిడ్.

1804 డిసెంబరు 2న నాట్రడామ్ చర్చిలో నెపోలియన్ తన కిరీటం తానే పెట్టుకున్నాడు. డేవిడ్ ముందు అలాగే గీసుకున్నాడు. తర్వాత మార్చి, భార్య జోసఫీన్‌కు కిరీటం పెట్టబోతున్నట్టు వేశాడు.

చక్రవర్తికి ఇంత చేసిన ఈ డేవిడే, పదకొండేళ్ల ముందు రాజు తల తీయాలని ఓటేశాడు. అదీ ఎవరి తల? తనకు పేరు తెచ్చిన 'హోరేషియస్ సోదరుల ప్రతిజ్ఞ' ఏ రాజు కొలువు కోసం వేశాడో, ఆ పదహారో లూయీ తల! రాజభక్తురాలైన భార్య షార్లెట్ 1794లో విడాకులు తీసుకుంది.

విప్లవ ప్రభుత్వంలో డేవిడ్ బొమ్మలే వేయలేదు, అరెస్టు వారంట్ల మీద సంతకాలూ చేశాడు. 1793 జులైలో మిత్రుడు మారా స్నానాల తొట్టెలో కత్తిపోటుకు బలయ్యాడు. చర్మవ్యాధితో బాధపడ్డ ఆ మనిషిని మచ్చలేని ఒంటితో, నిద్రపోతున్న సాధువులా చిత్రించాడు. అదే ఏడాది అక్టోబరు 16న రాణి మేరీ ఆంటోనెట్‌ను బండిలో గిలెటిన్‌కు తీసుకెళ్తుంటే కలంతో గబగబా గీశాడు. కత్తిరించిన జుట్టు, బిగిసిన పెదవులు, వెనక్కి కట్టిన చేతులు. మారా మీద చూపిన దయ ఆమె మీద చూపలేదు. కానీ నిజం చెప్పింది ఆ చిన్న బొమ్మే.

1794 జులైలో రోబెస్పియర్ విషం తాగాల్సి వస్తే తానూ తాగుతానని అందరి ముందూ అన్నాడు డేవిడ్. మర్నాడు ఒంట్లో బాగోలేదని సభకే వెళ్లలేదు! రోబెస్పియర్ తల తెగింది. డేవిడ్ జైలుతో బయటపడ్డాడు. విడిపోయిన షార్లెటే జైలుకు వెళ్లి పలకరించింది. 1796లో ఇద్దరూ మళ్లీ పెళ్లాడారు.

తర్వాత నెపోలియన్ వచ్చాడు. ఆల్ప్స్ దాటింది కంచరగాడిద మీద. డేవిడ్ బొమ్మలో అది ముందుకాళ్లెత్తిన గుర్రమైంది.

నెపోలియన్ పతనమయ్యాక గద్దెనెక్కింది చనిపోయిన రాజు తమ్ముడు. పాత ఓటును ఎవరూ మరచిపోలేదు. 1816లో డేవిడ్‌కు దేశబహిష్కారం. బ్రసెల్స్ చేరాడు. 1825 డిసెంబరు 29న అక్కడే కన్నుమూశాడు. శవాన్ని కూడా ఫ్రాన్స్‌లోకి రానివ్వలేదు. గుండె మాత్రం ప్యారిస్‌లోని పెర్ లషేజ్ శ్మశానానికి చేరింది. దేహం బ్రసెల్స్‌లోనే ఉంది. మారా చిత్రం కూడా ఆ ఊరి మ్యూజియంలోనే ఉంది.