కారు రేడియోలో రొద ఏ దారిని వచ్చును?

మిర్యాలగూడ నుండి నిడమనూరు మీదుగా హాలియా పోవు బాటలో కారులో రేడియో వినుచు పోవువారిలో పలువురకు ఒక చికాకు అనుభవమే. పాట సాగుచుండగా ఇంజను వేగముతో పాటు ఒక సన్నని కూత పైకి లేచును. వేగము తగ్గగనే దిగును. కొందరి బండ్లలో అది టకటకమను శబ్దము. మరికొందరి బండ్లలో తుమ్మెద రొదవంటి గుర్రు. సెట్టు చెడినదని తలచి కొత్త స్పీకర్లు కొనువారు కలరు. ఎవరో చెప్పిన ఫిల్టరు వేయించి, రొదతోనే తిరుగువారును కలరు. డబ్బు పోవుటయే గాక, వాతావరణ సూచనయో, పంటల ధరలో వినవలసిన వేళ మాట చెవికి అందకపోవుట అంతకంటె నష్టము.

మేము మనవి చేయునది ఒక్కటే: రొదకు మందు వేయుటకు ముందు అది ఏ దారిని సెట్టులోనికి వచ్చుచున్నదో కనుగొనవలెను. దారులు నాలుగు. ఒకటి ఏరియల్, రెండవది బ్యాటరీ నుండి వచ్చు కరెంటు తీగ, మూడవది ఎర్తు, నాల్గవది సెట్టు నుండి యాంప్లిఫయరుకు పోవు సన్నని శబ్దపు తీగలు. వీనిని ఒక్కొక్కటిగా మూసి చూచినచో దోషమున్న చోటు చాలవరకు తేలిపోవును.

రేడియోకును నిప్పురవ్వకును పుట్టుసంబంధము కలదు. 1880ల చివర జర్మనీలో హెర్ట్జ్ పండితుడు రేడియో తరంగములను మొదట పుట్టించినది విద్యుత్ రవ్వతోనే. పెట్రోలు ఇంజనులోని ప్లగ్గు చేయుచున్నదియు అదే పని. తెలియకయే అది ఒక చిన్న ప్రసార కేంద్రమైనది. 1930లో అమెరికాలో గాల్విన్ కంపెనీ ‘మోటరోలా’ పేరిట కారు రేడియోను అమ్మనారంభించిన నాటికే ఈ రవ్వల రొద పెద్ద సమస్య. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషమునకు 1,500 చుట్లు తిరిగినచో సెకనుకు 50 రవ్వలు పుట్టును. అందుకే వేగము పెరిగిన కొలది టకటక కలిసిపోయి గుర్రుగా మారును. ప్లగ్గులలోను వాని తీగలలోను నిరోధమును చేర్చుటయే దీనికి మందు. నిరోధము గల ప్లగ్గుకు బదులు సాదా ప్లగ్గు వేసినను, ప్లగ్గు తీగ చిట్లినను ఈ రొద మరల తలయెత్తును. డీజిలు ఇంజనులో ప్లగ్గు రవ్వ లేదు గనుక డీజిలు బండివారు ఈ కారణమును విడిచి వేరొకటి వెదకవలెను.

ఇక పరీక్షకు వత్తము. పనిముట్లేవియు అక్కరలేదు; నాలుగు ప్రశ్నలు చాలును.

మొదటి ప్రశ్న: ఇంజను ఆపి, తాళము త్రిప్పి, సెట్టు మాత్రము పలికించినపుడు రొద ఉన్నదా? ఉన్నచో ఇంజనును నిందింపరాదు. లేనిచో రొద ఇంజనుతో పాటు తిరుగు దేనినుండియో వచ్చుచున్నది.

రెండవ ప్రశ్న: రేడియోలో మాత్రమే వినవచ్చుచున్నదా, పెన్‌డ్రైవులోని పాట పెట్టినను వినవచ్చుచున్నదా? రేడియోలో మాత్రమే యైనచో అది ఏరియల్ దారిని వచ్చినదని తలచవచ్చును.

మూడవ ప్రశ్న: శబ్దమును తగ్గించు మీట త్రిప్పినపుడు రొదయు తగ్గుచున్నదా? తగ్గినచో అది ఆ మీటకు ముందే చేరినది. తగ్గక స్థిరముగా ఉన్నచో, మీట దాటిన తరువాత యాంప్లిఫయరు దగ్గరనో, దానికి పోవు తీగలలోనో చేరినది.

నాల్గవ ప్రశ్న వేరుగా యాంప్లిఫయరు ఉన్నవారికి: సెట్టు ఆపి, యాంప్లిఫయరు వద్ద శబ్దపు తీగలను ఊడదీసి, మరల పలికించిన రొద పోయినదా? పోయినచో తీగలలోనో సెట్టులోనో వెదకవలెను. పోనిచో యాంప్లిఫయరు కరెంటునో ఎర్తునో చూడవలెను.

ఏరియల్ దారిని వచ్చు రొదలో బయటి రొదయు కలదు. 1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన తరువాత ఈ ప్రాంతమున వరి విస్తరించినది. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందినది. పొలములలో మోటార్లు, వానికి ట్రాన్స్‌ఫార్మర్లు, బాట వెంట 11 కిలోవోల్టుల తీగలు మనకు నిత్యదృశ్యములు. పగిలిన పింగాణీ మీదనో, వదులైన బిగింపు దగ్గరనో సన్నని రవ్వలు పుట్టిన యెడల మధ్యతరంగముల మీద గుర్రుమను శబ్దము వినవచ్చును. దీనిని గుర్తించుట సులభము. బండి ఏదైనను అదే స్తంభము దగ్గర రొద పుట్టును. ఇంజను ఆపినను పోదు. ముందుకు సాగినచో తగ్గిపోవును. ఇది బండి దోషము కాదు. ఆ స్తంభపు గుర్తు విద్యుత్ సిబ్బందికి తెలుపుటయే మన పని. స్తంభమును గాని, దాని ఊతతీగను గాని తాకరాదు. ఎఫ్.ఎం. ప్రసారములలో ఈ బాధ తక్కువ. అచ్చట శబ్దము తరంగపు ఎత్తులో గాక పౌనఃపున్యపు మార్పులో దాగియుండును. రవ్వల రొద ముఖ్యముగా ఎత్తును మాత్రమే చెదరగొట్టును.

బయటి రొద కానిచో ఏరియల్ మొదలు చూడుడు. దాని అడుగుభాగము కారు రేకునకు గట్టిగా అంటియుండవలెను. వాననీటికి తుప్పు పట్టినచో ఆ అంటుపాటు చెడి, బయటి ప్రసారము బలహీనమై ఇంజను రొద బలపడును.

వేగముతో పాటు సన్నగా పైకి లేచు కూత సాధారణముగా అల్టర్నేటరుది. బ్యాటరీని నింపు ఈ యంత్రము పుట్టించు విద్యుత్తు అటునిటు మారునది. డయోడ్లు దానిని ఒకే దిక్కునకు మళ్ళించును గాని, చిన్న అలలు మిగిలియుండును. ఆరు జతల ధ్రువములు గల అల్టర్నేటరు నిమిషమునకు 3,000 చుట్లు తిరిగినచో సెకనుకు 1,800 అలలు పుట్టును. మన చెవికి బాగుగా పట్టు స్వరము అదియే. హెడ్‌లైట్లు వేసినపుడు కూత పెరిగినచో అనుమానము బలపడును. అలలు మితిమీరినచో డయోడు ఒకటి చెడియుండవచ్చును. అట్టి స్థితిలో ఫిల్టరు వేయించుట రోగము దాచి పూత పూయుటయే.

అయితే అల్టర్నేటరు మంచిదైనను కూత వినవచ్చుటకు తరచు కారణము ఎర్తు. యాంప్లిఫయరు ఎర్తు తీగను రంగు వేసిన రేకు మీద బిగించినారనుకొందము. అచ్చట ఓము నందు నూరవవంతు నిరోధమున్నను, 10 ఆంపియర్లు ప్రవహించినపుడు వోల్టులో పదవవంతు తేడా ఏర్పడును. సెట్టు పంపు శబ్దపు సంకేతము సాధారణముగా కొద్ది వోల్టులకు మించదు. దానితో ఈ తేడా కలిసినచో చెవికి తెలియకపోదు. రంగు గీకి, మెరయు లోహము మీద పొట్టి, లావు తీగను బిగించుట దీనికి చికిత్స. సెట్టును యాంప్లిఫయరును ఒకే చోట ఎర్తు చేసిన మరియు మేలు. కరెంటు తీగను బండికి ఒక ప్రక్కగను, శబ్దపు తీగలను మరొక ప్రక్కగను నడపుడు. దాటవలసి వచ్చినచో అడ్డముగా దాటింపుడు.

మరియొక దొంగ నేటి కాలపుది: ఫోను చార్జరు. అది 12 వోల్టులను 5 వోల్టులుగా మార్చుటకు సెకనుకు వేలకొలది మార్లు కరెంటును ఆపి విడుచును. ఆ కోతల రొద రేడియో తరంగములపై పడును. చార్జరు ఊడదీసి వినుడు. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. చౌక ఎల్.ఇ.డి. దీపములకును ఇదే పరీక్ష.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. తీగల పనికి ముందు ఇంజను ఆపి, బ్యాటరీ మైనస్ తీగ ముందుగా తీయవలెను. ఇంజను తిరుగుచుండగా బ్యాటరీ తీగ తీసినచో వోల్టు ఒక్కసారిగా ఎగసి డయోడ్లకు, ఎలక్ట్రానిక్ పరికరములకు చేటు కలుగును. ప్లగ్గు తీగలలో వేల వోల్టులుండును. నడచుచున్న ఇంజనుమీద వానిని ముట్టరాదు. యాంప్లిఫయరుకు బ్యాటరీ నుండి నేరుగా తీగ లాగినపుడు బ్యాటరీకి మూరెడు దూరములోపల ఫ్యూజు ఉండితీరవలెను. కాలిన ఫ్యూజు స్థానమున రాగితీగ చుట్టుట మంటను పిలుచుట. పసుపు తొడుగు గల ఎయిర్‌బ్యాగు తీగలను, విద్యుత్ కార్లలోని నారింజరంగు తీగలను నేర్పరులకే విడువవలెను.

ఇవన్నియు చూచిన పిమ్మటనే ఫిల్టరు మాట. మెకానికు దగ్గరకు పోవునపుడు రొద వచ్చుచున్నదని మాత్రము చెప్పక, పై నాలుగు ప్రశ్నలకు మీకు దొరికిన సమాధానములు చెప్పుడు. ఇంజను ఆపిన పోవుచున్నదా, పెన్‌డ్రైవులోను ఉన్నదా, మీట త్రిప్పిన తగ్గుచున్నదా, తీగ ఊడదీసిన ఆగుచున్నదా? అతడు వెదుకవలసిన చోటు అప్పుడే సగమునకు పైగా తగ్గును. మీ బిల్లును తగ్గవచ్చును.